ఉద్దానం జీడితోటలో ఎలుగు దాడి: ఒక కేస్ స్టడీ

రోగికి యాభై దాటాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు ఉద్దానం రైతు. కొంత సొంతం, కొంత కౌలు, మొత్తమ్మీద జీడితోటే ఆధారం. ఏప్రిల్ నెల, జీడిపిక్కలు రాలే కాలం. తెల్లారకముందు తోటలోకి వెళ్ళినవాడి మీద ఎలుగుబంటి పడింది. మధ్యాహ్నానికి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దాటి విశాఖపట్నంలో మా క్యాజువాలిటీకి వచ్చాడు. స్ట్రెచర్ మీద కూర్చుని ఉన్నాడు, తల ముందుకి వంచి, నోటి కింద గిన్నె పట్టుకుని. ఆయన పడుకోకుండా కూర్చుని రావడం గురించి తర్వాత చెప్తాను.

నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటి నుంచి ఎడమ చెంప మీదుగా నోటి మూల దాకా నాలుగు చీలికలు, ఇంచుమించు ఒకదాని పక్కన ఒకటి. ఎడమ కణత పైన నెత్తి చర్మం అరచేయంత మేర ఎముక నుంచి లేచి వెనక్కి మడతపడింది. ఎడమ చెవి పైసగం వేలెడు వెడల్పు కూడా లేని చర్మం మీద వేలాడుతోంది. ముక్కు ఎడమ రెక్క అంచు లేదు. కింది పెదవి గడ్డం దాకా రెండుగా చీలింది. గడ్డం ఎముక మధ్యకి రెండు వైపులా విరిగి, ఆ మధ్యముక్క వదులుగా కదులుతోంది. ఎడమ పైరెప్ప తెగింది. కన్ను మాత్రం దక్కింది. ఇక ఎడమ ముంజేతికి మందంగా కట్టు ఉంది. ఆ కట్టు కింద ఏముందో, ఆయనతో పంపిన కాగితంలో ఒక్క ముక్క రాయలేదు.

ఈ కేసు రాయడానికి కారణం ఆ ముంజెయ్యే. ఎలుగు పట్టిన ముఖాన్ని ఒకసారి చూస్తే డాక్టరైనా నర్సైనా కంపౌండరైనా మిగతా ఒళ్ళంతా మరిచిపోతారు. చూపు ముఖం మీదే ఆగిపోతుంది, చెయ్యాల్సిన పనుల వరుస తారుమారవుతుంది. ముందు ఊపిరి, తర్వాత నెత్తురు, తర్వాత కడగడం, తర్వాత రేబిస్ మందు. ముఖం అందం సంగతి వీటన్నిటి తర్వాత. నేను దవడ, ముఖ గాయాలు చూసే సర్జన్‌ని, ముఖాలు కుట్టడమే నా వృత్తి, అయినా ఈ మాటే చెప్తాను. మండల కేంద్రాల్లో, ఏరియా ఆసుపత్రుల్లో ఇలాంటి మనిషిని మొట్టమొదట చూసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఎదురుపడిన తీరు

మొదటి రోజుల్లో రోగికి మాట లేదు, గొంతులో గొట్టం ఉంది. జరిగిందంతా ముందు బావమరిది నోటి నుంచే విన్నాం. ఇద్దరూ చీకటుండగానే బయల్దేరారు. రాత్రి రాలిన పిక్కల్ని పొద్దెక్కేసరికి ఎవరైనా ఏరుకుపోతారన్న భయం ఒకటి, ఎండ ఒకటి. సెల్‌ఫోన్ లైటు తప్ప వెలుతురు లేదు. జీడికొమ్మలు నేలకి వాలి ఉంటాయి కాబట్టి ఆ చెట్ల కింద వంగే నడవాలి, వంగే ఏరాలి.

“మా బావ ముందల, నాను ఎనక. ఏటో బుస్సుమంది. పందేమో అనుకున్నాను బాబూ” అన్నాడు బావమరిది.

గొట్టం తీశాక రోగి చెప్పింది ఇంకా పొట్టిగా ఉంది. “నాను దాన్ని సూడ్నేదు, అది నన్ను సూడ్నేదు. తలెత్తేతలికి మూడు బారల్లో ఉంది.”

మూడు బారలంటే అయిదు మీటర్ల పైచిలుకు. ఎలుగు దెబ్బ తిని వచ్చినవాళ్ళు నాకు చెప్పిన దూరాలన్నీ ఇంచుమించు ఇంతే. ఎలుగుకి చూపు మందం, ముక్కు బలం. కానీ రాలిన జీడిపళ్ళు పులిసి వాసన కమ్ముకున్న తోటలో, మూతి చెదపుట్టలో పెట్టి ఉన్నప్పుడు ఆ ముక్కుకీ వేరే పని ఉంటుంది. పైపళ్ళలో మధ్యవి రెండూ దానికి ఉండవు. ఆ సందులోంచి గట్టిగా గాలి పీల్చి చెదల్ని నోట్లోకి లాక్కుంటుంది. ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికి మనకి వినిపిస్తుంది. అంత చప్పుడు చేస్తూ తింటున్న జంతువు చెవికి మన అడుగులు ఆనవు. మనిషి పిక్కల మీద, అది పుట్ట మీద, ఇద్దరూ తల దించుకునే దగ్గరికొచ్చారన్నమాట.

అంత దగ్గర్లో ఉలిక్కిపడితే ఎలుగు వెనక్కి తగ్గే రకం కాదు. పులులు తిరిగే అడవుల్లో తరతరాలుగా బతికిన జంతువు. చెట్టెక్కడం వచ్చినా, పులి కూడా చెట్టెక్కగలదు కాబట్టి అది దానికి రక్షణ కాలేదు. ఎదురుతిరిగి బెదరగొట్టిందే బతికి బట్టకట్టింది అని వన్యప్రాణి నిపుణులు వివరిస్తారు. మనిషిని తినాలని అది రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, ఇప్పపువ్వు, రేగుపళ్ళు, నేరేడు, మన జీడిపళ్ళూ పనసా. ఆడదైతే 55 నుంచి 100 కిలోల దాకా, మగదైతే 80 నుంచి 145 కిలోల దాకా తూగుతుంది. ఇక్కడ మీద పడింది తల్లి. పోయేటప్పుడు దాని వీపు మీద పిల్ల కనిపించిందని బావమరిది చెప్పాడు. శీతాకాలంలో పుట్టిన పిల్లలు ఏప్రిల్‌కి తల్లి వీపెక్కి తిరిగే ఈడులో ఉంటాయి కాబట్టి ఆ మాట నమ్మదగ్గదే.

గాయాలు చూస్తే వరుస ఇలా తోచింది. అది వెనక కాళ్ళ మీద లేచింది. ఈయన ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు ఆ చెయ్యి నోటికి చిక్కింది: ముంజేతికి రెండు వైపులా కోరల గుంటలు, లోపల ఒక ఎముక విరిగింది. తర్వాత పంజా. నుదుటి నుంచి కిందికి దిగిన నాలుగు గీతలూ ఒకే దెబ్బవి. వెల్లకిలా పడ్డాడు, పడ్డాక గడ్డం పట్టింది. బావమరిది కొడవలితో రేకుడబ్బా మీద బాదుతూ కేకలేస్తే వదిలి పోయింది. మొత్తం నిమిషం కూడా పట్టలేదని ఇద్దరూ అంటారు.

చిరుత గాయమైతే ఎక్కువగా మెడ వెనకో గొంతు మీదో చూడాలి, అది వేటాడే జంతువు, వెనక నుంచి వస్తుంది. ఎలుగు గాయం ముందు నుంచి పడుతుంది, తల, ముఖం, అడ్డం పెట్టిన చెయ్యి. అందుకే ముఖం నిండా గాయంతో వచ్చిన మనిషికి ముంజేతులు రెండూ విప్పి చూడాలి. ఎలుగు గోళ్ళు ఆరేడు సెంటీమీటర్లుంటాయి. పుట్టలు తవ్వే గోళ్ళు అవి; పులి గోళ్ళలా లోపలికి ముడుచుకోవు, నేలకి రాసుకుని మొద్దుబారి ఉంటాయి. కాబట్టి కత్తి కోతలా తెగదు, గునపంతో పెకలించినట్టు లేస్తుంది. అంచులు నలిగి, నల్లబడి, చచ్చినట్టు కనిపిస్తాయి. నిజానికి వాటిలో చాలా భాగం బతికే ఉంటుంది. దీని గురించి ఆపరేషన్ దగ్గర మళ్ళీ చెప్పాలి.

చనిపోయేవాళ్ళు తక్కువ, పాడైపోయేవాళ్ళు ఎక్కువ. ఛత్తీస్‌గఢ్‌లోని ఉత్తర బిలాస్‌పూర్ అటవీ ప్రాంతంలో 1998 నుంచి 2000 వరకు నమోదైన 137 దాడుల్లో ప్రాణం పోయింది 11 మందికి. మిగతావాళ్ళంతా ఏదో ఒక ఆసుపత్రి గుమ్మం ఎక్కినవాళ్ళే. మన దగ్గర 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు ఎలుగు దాడిలో చనిపోయాడు, ఆ మర్నాడు మరికొందరు గాయపడ్డారు. దాన్ని మత్తిచ్చి పట్టుకున్నారు, ఆ జంతువూ బతకలేదు. దాడి జరిగిందనగానే కర్రలు, సెల్‌ఫోన్లు పట్టుకుని ఊరంతా తోటలోకి దిగడం చాలాచోట్ల చూస్తాం. ఇలాంటప్పుడు క్యాజువాలిటీలో రెండో మంచం, మూడో మంచం కూడా సిద్ధం చేసుకోమని నేను ఊరికే అనను.

విశాఖ చేరేదాకా

ఊరి నుంచి రోడ్డు దాకా ఆటోలో తెచ్చారు, వెనక సీటు మీద వెల్లకిలా పడుకోబెట్టి. బావమరిది చెప్పినదాన్ని బట్టి ఆ కాసేపే ఆయన పోతాడేమో అనిపించిందట, గురగురమని శబ్దం, కళ్ళు తేలేశాడు. గడ్డం ఎముక రెండు వైపులా విరిగితే నాలుకని ముందుకి పట్టి ఉంచే ఆధారం పోతుంది. వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి గొంతుకి మూతపెడుతుంది, దాని మీద నెత్తురు నిండుతుంది. రోడ్డు మీద 108 వచ్చింది. అందులోని కుర్రాడు చేసిన మొదటి పని ఆయన్ని లేపి కూర్చోబెట్టి, తల ముందుకి వంచి, నోట్లోంచి కారేదాన్ని కారనివ్వడం. దారి పొడుగునా అలాగే తెచ్చాడు. మేం తర్వాత ఎన్ని గంటలు కష్టపడ్డా, ఈ రోగి ప్రాణం నిలబెట్టింది ఆ పనే అని కేస్ షీట్‌లో కూడా రాశాను. ముఖం పగిలిన మనిషి తెలివిలో ఉండి, మెడ మీద అనుమానం లేకపోతే, కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. స్పృహ లేకపోతే పక్కకి తిప్పండి. వెల్లకిలా మాత్రం వద్దు.

దారిలో ఒక ఆసుపత్రిలో ఆపారు. అక్కడ సెలైన్ పెట్టారు, టీటీ వేశారు, రేబిస్ వ్యాక్సిన్ మొదటి డోసు వేశారు, నెత్తి మీద ఒత్తి కట్టి నెత్తురు ఆపారు. ఇవన్నీ సరైన పనులే. ముఖాన్ని చూసి ఇది మా వల్ల కాదని వెంటనే పంపించారు, అదీ సరైనదే. అయితే పంపేలోగా చేతికందిన పని అన్నట్టు ముంజేతి గాయాల్ని కడక్కుండా బిగించి కుట్టేశారు. వ్యాక్సిన్ పని మొదలెట్టేలోగా గాయంలోనే వైరస్‌ని ఆపే మందు, రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్, స్టాకు లేదు, లేదని కాగితం మీద రాయనూ లేదు. నొప్పికి డైక్లోఫెనాక్ సూది పడింది. ఈ మూడూ మాకు తర్వాత పనిపెట్టాయి.

మా దగ్గరికొచ్చేసరికి నాడి 124, బీపీ 96/60, హిమోగ్లోబిన్ 8.1. నెత్తి చర్మంలో రక్తనాళాలు తెగితే ముడుచుకోవు, కారుతూనే ఉంటాయి. చూడ్డానికి చిన్న గాయమే అనిపించినా మనిషి పాలిపోతాడు. రక్తం ఎక్కించడం మొదలెట్టి, మత్తు డాక్టరూ నేనూ ఊపిరి సంగతి తేల్చుకున్నాం. ముక్కు గుండా గొట్టం వెయ్యడానికి ముక్కు ఎముకలు విరిగి ఉన్నాయి. నోటి గుండా వెయ్యాలంటే పడుకోబెట్టాలి. కూర్చోబెట్టిన మనిషికి, మెడ దగ్గర తిమ్మిరి మందు మాత్రమే ఇచ్చి, మెలకువలోనే ట్రేకియాస్టమీ చేశాం, అంటే మెడ ముందు కోసి ఊపిరిగొట్టంలోకి నేరుగా గొట్టం పెట్టాం. ఆ తర్వాతే పడుకోబెట్టి పూర్తి మత్తు ఇచ్చింది.

మత్తు ఇవ్వకముందే చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది, దానికి రెండు నిమిషాలు పడుతుంది. కనుబొమ్మలు ఎత్తమనడం, కళ్ళు గట్టిగా మూయమనడం, పళ్ళు చూపించమనడం. మత్తెక్కాక ముఖ నాడి, అంటే ముఖ కండరాల్ని కదిపే నరం, తెగిందో లేదో చెప్పేవాళ్ళుండరు. ఈయనకి ఎడమ కన్ను మూతపడలేదు, నోరు కుడివైపు లాగింది. కనుబొమ్మ మాత్రం కొద్దిగా కదిలింది.

ఉద్దానం రోగి అని తెలియగానే చూడాల్సింది ఇంకొకటుంది. ఆ ప్రాంతం పేరు చెబితే తెలుగు డాక్టర్లందరికీ ముందు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బే. ఇంతవరకు ఏ లక్షణం లేదని ఇంట్లోవాళ్ళు అన్నా కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, పంపాం: 2.1. అంటే కిడ్నీల పని నలభై శాతం లోపే. ఎలుగు దెబ్బకి దీనితో సంబంధం లేదు గానీ వైద్యం మొత్తం దీన్ని బట్టే నడిచింది. కిడ్నీకి పడని డైక్లోఫెనాక్ ఆపేశాం, నొప్పికి పారాసిటమాల్, తక్కువ మోతాదులో ట్రమడాల్. మురికి గాయాలకి అలవాటుగా రాసే జెంటామైసిన్ కూడా కిడ్నీకి పడదు కాబట్టి పక్కన పెట్టాం. సీటీ స్కాన్‌కి రంగుమందు వాడలేదు. ఎముకలు చూడ్డానికి అది అక్కర్లేదు కూడా. పడిన ఒక్క సూది, పోయిన నెత్తురు కలిసి రెండో రోజుకి క్రియాటినిన్ 2.7కి వెళ్ళింది. సెలైన్ లెక్కగా ఇస్తూ మూత్రం కొలుస్తూ ఉంటే వారంలో మళ్ళీ దిగింది.

కడగడం, రేబిస్

కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలని ఊళ్ళో పిల్లలకీ తెలుసు. ఎలుగు అనేసరికి ఆ సంగతి పెద్దలకీ గుర్తు రాదు, ‘అడివి జంతువు కదా, దానికి పిచ్చేంటి’ అంటారు. పాలిచ్చి పెంచే జంతువు దేనికైనా రేబిస్ రావొచ్చు. అడవి జంతువు కాటుని, రక్కుని అన్నిటికన్నా ప్రమాదకరమైన మూడో కేటగిరీగానే చూడాలని మన జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. మూడో కేటగిరీ అంటే వ్యాక్సిన్ ఒక్కటే చాలదు. వ్యాక్సిన్ వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి వారం పైనే పడుతుంది; ఆ లోపు వైరస్‌ని గాయంలోనే పట్టుకోవడానికి ఇమ్యునోగ్లోబులిన్ గాయం లోపలా చుట్టూ ఎక్కించాలి. ముఖ గాయం మెదడుకి ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు. రోగి బంధువుల్ని అడిగితే ‘పిచ్చి సూది అయిపోయింది సార్’ అంటారు. ఏది అయింది, ఏది కాలేదు అన్నది కాగితం మీద ఉండాలి.

ముందు కడిగాం. మత్తులో ఉండగా సబ్బునీళ్ళతో, తర్వాత సెలైన్‌తో, లీటర్ల కొద్దీ. చెంప గాయం లోతుల్లోంచి నల్లటి పొడుగాటి వెంట్రుకలు, ఎండు జీడాకు తునకలు, ఎర్రమట్టి వచ్చాయి. దానితో పాటు పసుపు రంగు ముద్ద కూడా. ఇంటి దగ్గర ఎవరో పసుపు దట్టించారు. నెత్తురు ఆగాలని చేసే పనే అది, తిట్టి లాభం లేదు. కాకపోతే గుంట లోతుల్లో చేరిన పసుపుని తియ్యడానికి మాకు చాలాసేపు పట్టింది. శుభ్రమైన గుడ్డ పెట్టి అదిమి పట్టుకుంటే సరిపోయేది.

ముంజేతి కుట్లన్నీ విప్పాం. లోపల మట్టి అలాగే ఉంది.

ఆయన బరువు 52 కిలోలు. గుర్రపు సీరం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్ కిలోకి 40 యూనిట్ల లెక్కన 2080 యూనిట్లు, అంటే 7 మిల్లీలీటర్లు. ఇన్ని గాయాలకి 7 మిల్లీలీటర్లు ఏ మూలకి? మోతాదు పెంచకూడదు. సెలైన్ కలిపి 20 మిల్లీలీటర్లు చేసి, సూది గుచ్చిన ప్రతిచోటా కొంచెం కొంచెంగా అన్ని గాయాలకీ అందించాం. చెవి, ముక్కు, రెప్ప దగ్గర చర్మం బిగువుగా ఉంటుంది, అక్కడ బలవంతంగా నింపితే రక్తప్రసారం ఆగుతుంది, చాలా కొద్దిగా ఇచ్చాం. గుర్రపు సీరం ఒంటికి పడక రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కనే ఉంచుకున్నాం, అవసరం పడలేదు. వ్యాక్సిన్ మిగతా డోసులు చర్మంలోకి, రెండు భుజాల్లో 0.1 మిల్లీలీటర్ చొప్పున 3, 7, 28 రోజులకి. మొదటి చోట ఇమ్యునోగ్లోబులిన్ లేకపోతే మర్నాడైనా ఇవ్వొచ్చు, మొదటి వ్యాక్సిన్ వేసిన ఏడు రోజుల్లోపు ఎప్పుడైనా ఇవ్వొచ్చు. కానీ గాయం బిగించి కుట్టకముందు ఇవ్వాలి.

ఆపరేషన్ బల్ల మీద

చిన్న డాక్టర్లు గాయం అంచులు చూసి కత్తెర అడుగుతారు. మోకాలి మీద ఇలాంటి అంచు కనిపిస్తే నేనూ కత్తిరించమనేవాణ్ణే. ముఖానికి, నెత్తికి నెత్తురు పుష్కలంగా అందుతుంది. సన్నటి కాడ మీద వేలాడే చర్మం కూడా చాలాసార్లు నిలబడుతుంది. పైగా ముక్కు రెక్క, రెప్ప, పెదవి అంచు లాంటివి కోసేస్తే వాటికి సరిపడే చర్మం ఒంట్లో ఇంకెక్కడా లేదు. కదలని, నెత్తురు చుక్క కూడా రాని తునకలు తప్ప ఏమీ తియ్యలేదు. చెవి పైసగం కాడ మీదే తిరిగి కుట్టాం. తర్వాత అంచు మీద కొంచెం నల్లబడి రాలింది, చెవి మిగిలింది.

చెంప చీలికలో రెండోది చెవి ముందు బుడిపె నుంచి పైపెదవి మధ్యకి గీసే గీతని అడ్డంగా దాటింది. ఆ గీత మీద తెగితే లాలాజలం తెచ్చే నాళం తెగిందేమో చూడక తప్పదు. నోట్లో పైన రెండో దవడ పన్ను ఎదుట, చెంప లోపలివైపు, ఆవగింజంత బుడిపె ఉంటుంది. అందులోంచి సూది తీసేసిన సన్న క్యాన్యులా మెల్లిగా జొనిపితే, దాని కొన చెంప గాయంలో బయటికి పొడుచుకొచ్చింది. తెగిందని అలా తేలింది. రెండో కొసని వెతకడానికి పై నుంచి గ్రంథిని ఒత్తాం, తెల్లటి మాంసంలోంచి తేరిన చుక్క ఒకటి ఊరింది. రెండు కొసలూ క్యాన్యులా మీదనే కలిపి కుట్టి, దాన్ని రెండు వారాలు అలాగే ఉంచాం. ఈ పరీక్ష చెయ్యకుండా పైన చర్మం కుట్టేస్తే భోజనం ముందు పెట్టగానే చెంపలోంచి ఉమ్మి కారే మనిషి మిగులుతాడు.

ముఖ నాడి కొమ్మలు రెండు తెగాయి, కన్ను మూసేది, నోటి మూల లాగేది. మూడు రోజుల్లోపైతే తెగిన అవతలి కొసకి కరెంటు తాకిస్తే కండ కదులుతుంది, దాన్ని పట్టుకుని కొస గుర్తుపట్టొచ్చు. ఆ గడువు దాటాక మచ్చలో వెతకడం గుడ్డిపని. మైక్రోస్కోప్ కింద రెండూ కలిపాం. గడ్డం ఎముకకి, చెంప ఎముకకి టైటానియం ప్లేట్లు పడ్డాయి. రెప్పని కళ్ళ డాక్టరు కుట్టాడు. ముంజేతి ఎముకకి ఎముకల డాక్టరు ఆ రోజు ప్లేటు వెయ్యనన్నాడు, పిండికట్టు ఒక్కటే వేసి గాయం తెరిచి ఉంచాడు. అదే మంచిదైంది.

వార్డులో

అయిదో రోజు జ్వరం వచ్చింది. అందరూ ముఖం వైపే చూశారు. ముఖం బాగానే ఉంది. చీము పట్టింది ముంజెయ్యి. కోరలు చేసిన రంధ్రం పైకి పెన్సిలంత, లోపల ఎముక దాకా వెళ్ళింది. మట్టితో, ఎలుగు నోటి క్రిములతో కొన్ని గంటలు బిగించి మూసి ఉంచిన గాయం. తెరిచే ఉండబట్టి చీము బయటికి వచ్చింది, మళ్ళీ కడగడం తేలికైంది. చీములో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టు చూసి, కిడ్నీకి తగ్గట్టు మోతాదు కుదించి మందు మార్చాం. ఈయన ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి వచ్చింది ఈ చేతి వల్లే. నా లెక్కలో కాటు గాయం కడగాలి, విప్పి ఉంచాలి, అవసరమైతే తర్వాత మూయాలి. ముఖానికి మాత్రమే మినహాయింపు: బాగా కడిగి, ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చాక, వదులుగా దగ్గరికి తేవొచ్చు.

కన్ను మూతపడేదాకా రాత్రిళ్ళు ఆయింట్‌మెంట్ వేసి రెప్పకి టేపు అంటించేవాళ్ళం. ఆ పని భార్యకి నేర్పాం. మొదటి వారమంతా ఆమె అడిగింది ఒకటే: “మాటొస్తాదా బాబూ?” గొట్టం తీసిన రోజు ఆయన మొదట అడిగింది నీళ్ళు, తర్వాత అడిగింది పిక్కలు ఎవరు ఏరుతున్నారని.

నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడి లేవడం మేం ముందే ఊహించాం, మానసిక వైద్యుడు చూశాడు. ఊహించనిది బావమరిది గురించి. ఒంటి మీద గీత కూడా పడనివాడు, రేకుడబ్బా బాదినవాడు, వార్డులో స్టీలు ప్లేటు కింద పడ్డా వణికేవాడు. తిండి మానేశాడు. ఎవరూ ఆయన్ని రోగిగా చూడలేదు, కేస్ షీట్ లేదు కాబట్టి. సైకియాట్రీ ఓపీ చీటీ రాయించి మందులు మొదలుపెట్టించాం. ఇలాంటి కేసుల్లో రోగి వెంట ఉన్న మనిషి గురించి అడగడం ఇప్పుడు నా ప్రశ్నల్లో ఒకటి.

కాగితాల పని చిన్నదేమీ కాదు. మెడికో లీగల్ కేసుగా రాసి, పోలీసులకీ అటవీ శాఖకీ సమాచారం ఇవ్వాలి. పరిహారానికి వైద్యుడి ధ్రువపత్రం కావాలి. అందులో ‘ముఖంపై గాయాలు’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే రైతు కాళ్ళరిగేలా తిరుగుతాడు. ఏ గాయం ఎక్కడ, ఎంత పొడుగు, ఏ ఎముక విరిగింది, ఏ పని పోయింది, జంతువు దాడికి తగ్గట్టున్నాయా లేదా అన్నీ రాయాలి. కుట్టకముందు ఫొటోలు తీయాలి, రోగి అనుమతితో.

సెలవిచ్చి పంపేటప్పుడు కట్లు, మాత్రలతో పాటు తోట సంగతీ మాట్లాడాం. ఎలుగులు తిరిగే మండలాల అటవీ సిబ్బంది చెప్పేదే నేనూ చెప్పాను: బాగా తెల్లారాక వెళ్ళడం, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళడం, దారంతా మాట్లాడుకుంటూనో డబ్బా కొడుతూనో నడవడం, రాలిన పళ్ళని కుప్పలుగా ఇంటి పక్క వదలకపోవడం. దూరాన కనబడితే దానికి తోవ వదిలి, అటే చూస్తూ మెల్లిగా వెనక్కి రావాలి. పరిగెత్తి గెలిచేది లేదు, అది మనకన్నా వేగం. చెట్టెక్కినా దానికీ చెట్టెక్కడం వచ్చు. ఏటవాలున కిందికి పరిగెత్తితే దాని జుట్టు కళ్ళ మీద పడి ఆగిపోతుందని కొందరు చెప్తారు, నమ్మకండి. మీద పడటం ఖాయమైతే బోర్లా పడాలి, ముఖం నేలకి, వేళ్ళు మెడ వెనక పెనవేసి, మోచేతులు చెవుల పక్కకి. వీపు మీద, చేతుల మీద పడిన గాయాలు కుట్టడం మాకు తెలుసు. ముఖంలో నాడి, రెప్ప, ముక్కు పోతే ఎంత కుట్టినా మునుపటిలా తేలేం. ఈయన వెల్లకిలా పడ్డాడు; గడ్డం విరగడం అందువల్లే.

నాడి రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నాలుగో నెలలో కన్ను మూతపడటం మొదలైంది. సంక్రాంతి ముందు వచ్చినప్పుడు పూర్తిగా మూస్తున్నాడు, పళ్ళు చూపించమంటే నోటి మూల ఇంకా కొంచెం వెనకబడుతోంది. దవడ కుదిరింది, అన్నం మామూలుగా తింటున్నాడు. ముంజెయ్యి ఆలస్యంగా అతుక్కుంది, పిడికిలి బిగువు తక్కువ. క్రియాటినిన్ 2.2, కిడ్నీ డాక్టరు చూస్తున్నారు. తువ్వాలు ముక్కు మీదుగా చుట్టుకునే వస్తాడు. మిగిలింది ముక్కు రెక్క అంచు. పోయిన ముక్క సెంటీమీటరు లోపే కాబట్టి కుడి చెవి నుంచి చర్మం, మృదులాస్థి కలిపి చిన్న ముక్క తీసి అతికితే సరిపోతుంది, నుదుటి చర్మం తిప్పే పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు. ఫిబ్రవరిలో పెట్టుకుందామన్నాను. “పిక్కలయ్యాక రమ్మంటే వస్తాను బాబూ” అన్నాడు. జూన్ మొదటి వారానికి రాశాం.